65 శాతం ఉద్యోగం అంటే ఏంటి? మా బాపు హాఫ్ టికెట్టా అంటున్నాడు

ఓరుగల్లు_పిల్లగాడు
జర్మనీలో ఒక టెక్నికల్ యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ పోస్టు వచ్చింది. ఊరు పేరు, ప్రొఫెసర్ పేరు చెప్పను, ఇంకా సరే అనలేదు కాబట్టి. మెటీరియల్స్, హై టెంపరేచర్ కోటింగ్స్ మీద పని. మెయిల్‌లో ఇలా ఉంది: టీవీ-ఎల్ ఈ13, 65 శాతం, వారానికి దాదాపు 26 గంటలు, మొదట ఒక ఏడాది, తర్వాత పొడిగింపు. జూమ్ ఇంటర్వ్యూలో "మిగతా టైంలో ఏం చేయాలి?" అని అడిగాను. ప్రొఫెసర్ నవ్వి "నీ పీహెచ్‌డీ" అన్నాడు. మరి ఆ 26 గంటలు చేసేదేంటి? మళ్లీ అడిగితే బాగుండదని ఊరుకున్నాను.

మా బాపు ఆర్టీసీలో ముప్పై ఏళ్లు కండక్టర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. చెబితే ఒకటే ప్రశ్న: "ఎంటెక్ చదివినోనికి హాఫ్ టికెట్ కొడుతున్నరా?" మిగతా 35 శాతం ఎక్కడికి పోయిందో నేను చెప్పలేకపోతున్నాను.

ఇంకో పక్క ఇక్కడే ఒక ఐఐటీలో సీటు ఉంది, 37 వేలు స్టైపెండ్. ఇప్పుడు పటాన్‌చెరులో చేస్తున్న ఉద్యోగానికి రెండేళ్లు నిండాయి, జీతం అంతకంటే కాస్త ఎక్కువే. రెండు వారాల్లో రెండు చోట్లా జవాబు చెప్పాలి. అక్కడ చేసినవాళ్లు, ఇక్కడ చేసినవాళ్లు, మధ్యలో మానేసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

లెక్కల_పిచ్చి
ముందు డబ్బు తేల్చేద్దాం, బాధపడటం తర్వాత.

టీవీ-ఎల్ అంటే అక్కడి రాష్ట్ర ఉద్యోగుల జీతాల ఒప్పందం, ఈ13 దాని పట్టికలో ఒక మెట్టు, మాస్టర్స్ చదివినవాళ్లది. 2025 పట్టికలో ఫుల్ టైంకు మొదటి ఏడాది నెలకు 4,600 యూరోల పైచిలుకు గ్రాస్. 65 శాతం అంటే 3,000. పెళ్లి కాలేదనుకుంటున్నాను, అంటే ట్యాక్స్ క్లాస్ 1. పన్ను, హెల్త్ ఇన్సూరెన్స్, పెన్షన్, నిరుద్యోగ బీమా అన్నీ కోసుకున్నాక చేతికి 2,000 అటూ ఇటూ. ఫుల్ పోస్టయితే 2,800 దాకా వచ్చేది. గ్రాస్ తగ్గితే పన్ను కూడా తగ్గుతుంది కాబట్టి చేతికొచ్చేది 35 శాతం తగ్గదు, ముప్పై దగ్గర ఆగుతుంది. మీ బాపుకు ఇది చెప్పండి, ఐదు శాతం దొరికింది అని.

నవంబర్ జీతంతో దాదాపు అరనెల జీతం అదనంగా వేస్తారు. ఏడాది నిండితే స్టుఫె 2 (ఈ13 లోపలే అనుభవాన్ని బట్టి వచ్చే పైమెట్టు), ఆ పైన రెండేళ్లకు స్టుఫె 3. మన ఇంక్రిమెంట్ల లాంటివే.

చాదస్తపు_మామయ్య
చిన్న సవరణ. అన్ని రాష్ట్రాలకూ టీవీ-ఎల్ వర్తించదు. హెస్సెన్‌లో టీవీ-హెచ్. వారపు గంటలు కూడా రాష్ట్రాన్ని బట్టి మారతాయి: బవేరియాలో ఫుల్ టైం అంటే 40 గంటల 6 నిమిషాలు, నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియాలో 39 గంటల 50 నిమిషాలు.

జీడిపప్పు
ఆ 6 నిమిషాల్లో ఏం చేస్తారు మామయ్యా

చాదస్తపు_మామయ్య
కాఫీ.

సీతాఫలం
లెక్కల_పిచ్చి లెక్క రైటే. కానీ అడిగిన ప్రశ్నకు జవాబు రాలేదు.

కాగితం మీద సంగతి ఇది. ఆ 26 గంటలు యూనివర్సిటీకి చేసే పని: ప్రాజెక్టు, ల్యాబు క్లాసులు, పరీక్ష పేపర్లు దిద్దడం, మాస్టర్స్ పిల్లల థీసిస్ చూడటం. నీ డాక్టరేట్ నీ సొంత అభివృద్ధి, అది నీ సొంత టైంలో చేసుకోవాలి. అసలు సంగతి ఏంటంటే ప్రాజెక్టూ థీసిసూ ఒకటే. ఫర్నేస్‌లో శాంపిల్ పెట్టినప్పుడు అది ప్రాజెక్టు శాంపిలా, థీసిస్ శాంపిలా అని ఎవరూ అడగరు. కాబట్టి నువ్వు వారానికి 40 గంటలు చేస్తావు, 26 గంటలకు డబ్బిస్తారు. నేను ఇలాంటి పోస్టులోనే నాలుగేళ్లు చేశాను. దీనికి వాళ్లు ఏ పేరైనా పెట్టుకోనీ, తెలుగులో దీన్ని దోపిడీ అంటారు.

బెల్లం_ముక్క
దోపిడీ అంటే మరీ ఎక్కువ సీతాఫలం గారు. మన దగ్గర 37 వేలకు వారానికి ఎన్ని గంటలో ఎవరైనా రాశారా? అక్కడ కనీసం శాతం రాసి ఇస్తున్నారు.

సీతాఫలం
రాసి దోచుకుంటే దోపిడీ కాకుండా పోతుందా?

ఓరుగల్లు_పిల్లగాడు
మరి ప్రకటనల్లో కొన్ని 50, కొన్ని 67, కొన్ని 75, కొన్ని 100 అని ఎందుకుంటాయి? పనంతా ఒకటే కదా.

జీడిపప్పు
బయట మార్కెట్‌ని బట్టి. మెకానికల్, ఎలక్ట్రికల్, కంప్యూటర్ సైన్స్‌లో 100 మామూలు, ఎందుకంటే 65 అంటే ఆ పిల్లలు కార్ల కంపెనీలకు వెళ్లిపోతారు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీలో 50 నుంచి 75. బయాలజీ వాళ్లను ఎగరేసుకుపోయేవాళ్లు తక్కువ, పాపం. నీ మెటీరియల్స్ ఆ రెండిటికీ మధ్యలో ఉంది, అందుకే 65.

నాది మెకానికల్, 100 శాతం. సీతాఫలం గారికి ఒక మాట. 100 శాతం వాళ్లు సుఖపడుతున్నారనుకోకండి. నాలుగు కంపెనీల ప్రాజెక్టులు, ప్రతి సెమిస్టర్‌లో రెండు ల్యాబులు, ప్రతి శుక్రవారం ఎవరో ఒకరికి రిపోర్టు. నా థీసిస్‌కు టైం దొరికింది రాత్రి ఎనిమిది తర్వాత. నాకు ఆరేళ్లు పట్టింది. నా పక్క గదిలో 65 శాతం అమ్మాయి మూడున్నరేళ్లలో ముగించి వెళ్లిపోయింది, ఆమె నెత్తిన ఒకే ప్రాజెక్టు, అదే థీసిస్. వంద శాతం జీతం అంటే వంద శాతం చాకిరీ అని కూడా అర్థం.

లెక్కల_పిచ్చి
నాలుగు నిమిషాలు లెక్కేశాను. ఆరేళ్లు 100, మూడున్నరేళ్లు 65 తర్వాత కంపెనీ ఉద్యోగం. ఆరో ఏడాది చివరికి ఆ అమ్మాయే ముందుంటుంది.

జీడిపప్పు
థాంక్స్. నిద్ర పట్టేలా చేశావు.

డీసీ_మీటింగ్_భయం
నేను ఇండియాలో ఒక ఐఐటీలో నాలుగో ఏడాది. ఏ ఐఐటీ అని అడగొద్దు. ఈ పక్క కథ కూడా విను తమ్ముడూ.

2023 జనవరి 1 నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ ఫెలోషిప్) 31 వేల నుంచి 37 వేలు, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 35 నుంచి 42 వేలు చేశారు. రెండేళ్లకు కమిటీ ముందు నిలబడి పాస్ అయితే 42. హాస్టల్లో ఉంటే బతకడానికి ఇబ్బంది లేదు, ఇంటికి కూడా పంపొచ్చు. పీఎంఆర్‌ఎఫ్ (ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్) దొరికితే మొదటి రెండేళ్లు నెలకు 70 వేలు, కానీ అది దొరికినవాళ్లు ఇలా ఫోరమ్‌లకు రారు.

మొదటి ఏడాది కోర్సులే. తర్వాత కాంప్రహెన్సివ్ పరీక్ష. ఆ తర్వాత ఆరు నెలలకోసారి డీసీ (డాక్టోరల్ కమిటీ) మీటింగ్. ఐదుగురు కూర్చుంటారు, ఒకాయన ప్రతిసారీ "నావెల్టీ ఏంటి?" అంటాడు. పోయిన మీటింగ్‌లో ఎక్స్‌ఆర్‌డీ మెషిన్ రెండు నెలలు పాడైందని చెబితే "ఆ రెండు నెలలు లిటరేచర్ చదవొచ్చుగా" అన్నాడు. చదివాను సార్. మా సబ్జెక్టులో ఉన్నదంతా చదివేశాను. ఇక రాయాల్సినవి నావే, ఆ పేపర్లకు మెషిన్ కావాలి.

నా రూమ్‌మేట్ బయటి ఫెలోషిప్ మీద ఉన్నాడు. ఏడు నెలలు పైసా రాలేదు. మెస్ బిల్లు నేను కట్టాను. ఏడు నెలల డబ్బూ ఒకేసారి పడిన రోజు బిర్యానీ పెట్టించాడు, అది తప్ప ఆ ఏడాదిలో మంచి సంగతి ఏమీ లేదు.

అయినా ఒకటి చెబుతాను. మా గైడ్ మంచాయన. రాత్రి పదకొండుకు డ్రాఫ్ట్ పంపితే పొద్దున ఆరింటికి ఎర్ర గీతలతో తిరిగొస్తుంది. అందుకే ఇంకా ఇక్కడ ఉన్నాను.

బెల్లం_ముక్క
ఇప్పుడు పేపర్ లేకపోయినా థీసిస్ ఇవ్వొచ్చు కదా, 2022లో యూజీసీ రూల్ మార్చింది.

చాదస్తపు_మామయ్య
యూజీసీ 2022 నిబంధనలు యూనివర్సిటీలకు. ఐఐటీలు తమ చట్టం కింద నడుస్తాయి, వాటి సెనేట్ ఏది చెబితే అది.

డీసీ_మీటింగ్_భయం
మామయ్యా మీరు మా సెనేట్‌లో లేరు కదా

చాదస్తపు_మామయ్య
నేను రిటైర్ అయ్యాను.

జీడిపప్పు
ఈ ఒక్క ముక్కతో పాత పోస్టులన్నీ మళ్లీ చదవాల్సి వస్తోంది 😂

మార్క్‌మెమో
పిల్లగాడా, డబ్బు పక్కన పెట్టు. నేను చేసిన తప్పు నువ్వు చేయకు.

జర్మనీలో ఉద్యోగంలో చేరడం వేరు, డాక్టరేట్‌కు పేరు రాయించుకోవడం వేరు. కాంట్రాక్ట్ ఇచ్చేది యూనివర్సిటీ పర్సనల్ విభాగం, అంటే హెచ్‌ఆర్. డాక్టరల్ క్యాండిడేట్‌గా ఒప్పుకునేది ఫాకల్టీ, అంటే మన సబ్జెక్టు శాఖ. ఈ రెండు ఆఫీసులూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఐడీ కార్డు ఉంది, కుర్చీ ఉంది, జీతం వస్తోంది, పీహెచ్‌డీ చేస్తున్నాననే అనుకున్నాను. ఏడాదిన్నర తర్వాత ఒక వర్క్‌షాప్‌కు పేరిద్దామని వెళితే "నువ్వు మా లిస్టులో లేవు" అన్నారు. అప్పుడు మొదలైంది: బీటెక్, ఎంటెక్ మెమోలు, అనాబిన్‌లో (విదేశీ డిగ్రీల వివరాలుండే జర్మన్ సైట్) మన కాలేజీ ఎలా ఉందో చూడటం, సిలబస్ ప్రింట్లు. మా ఎంటెక్‌లో ఒక సబ్జెక్టు సరిపోలేదని రెండు మాస్టర్స్ పరీక్షలు రాయమన్నారు. నేను పాఠం చెప్పే పిల్లల పక్కన కూర్చుని పరీక్ష రాశాను. అందులో ఒకడు పెన్ను అడిగాడు.

వెళ్లిన మొదటి నెలలోనే ఫాకల్టీ ఆఫీసుకు వెళ్లి ప్రోమొత్సియోన్స్‌ఒర్ద్నుంగ్ (డాక్టరేట్ నిబంధనలు) ప్రకారం ఏం కావాలో అడుగు. ఆ మాట పలకలేకపోయినా పర్లేదు, కాగితం మీద రాసి చూపించు.

సీతాఫలం
ఇది నిజం. ఇంకోటి కలపండి. అక్కడ మీ ప్రొఫెసరే మీ బాసు, మీ గైడు, చివర మీ థీసిస్‌కు మార్కు వేసేవాళ్లలో ఒకరు. లీవు అడిగేదీ ఆయన్నే, మార్కు వేసేదీ ఆయనే. గొడవ వస్తే వెళ్లడానికి ఓంబుడ్స్‌పర్సన్ (ఫిర్యాదులు వినే మధ్యవర్తి) ఉంటారు, కానీ మూడో ఏడాదిలో ఆ తలుపు కొట్టే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

బెల్లం_ముక్క
జర్మన్‌లో గైడ్‌ను డోక్టర్‌ఫాటర్ అంటారట. అంటే డాక్టర్ తండ్రి. పిల్లగాడికి ఇద్దరు బాపులు.

ఓరుగల్లు_పిల్లగాడు
ఒక్కడితోనే సరిపోవడం లేదు అన్నా. నిన్న రాత్రి అన్నం తింటూ "ఆ దేశంల పన్నెండేండ్ల లోపు పిల్లగాండ్లకే కదరా హాఫ్" అన్నాడు.

పోస్ట్‌డాక్_పరమేశం
చాలా రోజుల తర్వాత ఇటు వచ్చాను. శాతం గురించి ఇంత మాట్లాడుకున్నారు, కాంట్రాక్ట్ ఎంతకాలమో ఎవరూ అడగలేదు. మొదటి పోస్టులోనే ఉంది: "మొదట ఒక ఏడాది, తర్వాత పొడిగింపు." ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను.

జర్మనీలో 2007 నుంచి ఒక చట్టం ఉంది, పొట్టిపేరు విస్‌త్సైట్‌ఫావ్‌గే. దాని ప్రకారం యూనివర్సిటీలు మనల్ని తాత్కాలిక కాంట్రాక్ట్ మీద డాక్టరేట్‌కు ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లు పెట్టుకోవచ్చు. ముందు సగంలో మిగిల్చింది తర్వాతి సగానికి కలుస్తుంది. పన్నెండేళ్లయ్యాక ఆ దారి మూసుకుపోతుంది. పర్మనెంట్ పోస్టో, బయటి ప్రాజెక్టు డబ్బో దొరకాలి. ఫుల్ టైంలో పావు వంతు కంటే ఎక్కువ పని ఉంటే చాలు గడియారం తిరుగుతుంది. అంటే నీ 65 శాతం పోస్టులో జీతం 65 శాతమే, గడియారం మాత్రం 100 శాతం.

నాకు ఇది పదో ఏడాది. బీరువాలో పదకొండు కాంట్రాక్టులున్నాయి. అన్నిటికంటే పొడుగుది రెండేళ్లు, పొట్టిది మూడు నెలలు. ఆ మూడు నెలలప్పుడు ఇల్లు మారాల్సి వచ్చింది. ఓనరు జీతం కాగితాలు చూసి, కాంట్రాక్ట్ చివరి తేదీ మీద వేలు పెట్టి, ఏమీ అనకుండా కాగితం నా వైపు తోశాడు. మా గది తలుపు పక్కన ప్లాస్టిక్ రేకు వెనక ప్రింటు తీసిన కాగితం ముక్క మీద నా పేరుంటుంది. ప్రొఫెసర్ గది పక్కన అల్యూమినియం పలక మీద చెక్కి ఉంటుంది. పదేళ్లలో నా కాగితం ఐదుసార్లు మారింది. సెక్రటరీ ప్రతిసారీ ఉత్తరాల స్పెల్లింగ్ అడుగుతుంది.

2021 జూన్‌లో ట్విట్టర్‌లో "ఇష్ బిన్ హన్నా" అని పెద్ద గోల జరిగింది, గుర్తుందా? ఈ చట్టం మంచిదని చెప్పడానికి అక్కడి కేంద్ర మంత్రిత్వ శాఖ ఒక బొమ్మల వీడియో పెట్టింది. అందులో హన్నా అనే బయాలజిస్ట్. ఒక తరమే కుర్చీలన్నీ పట్టుకుని కూర్చుంటే వ్యవస్థ మూసుకుపోతుందని, అందుకే తాత్కాలికం అని దాని సారాంశం. వేలమంది "నేనూ హన్నానే" అని తమ కాంట్రాక్టులు లెక్కపెట్టి పెట్టారు. నేనూ పెట్టాను. అప్పటికి నావి ఏడు.

పని మాత్రం బంగారం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ బుక్ చేసుకుంటే ఆ టైంకు అది నాకోసం పనిచేస్తుంది. డీసీ_మీటింగ్_భయం గారు, ఈ మాట మీకు బాధ కలిగిస్తే క్షమించండి.

డీసీ_మీటింగ్_భయం
కలిగింది.

లెక్కల_పిచ్చి
పిల్లలు పుడితే ఒక్కొక్కరికి రెండేళ్లు పొడిగింపు అని విన్నాను, నిజమేనా పరమేశం గారు?

పోస్ట్‌డాక్_పరమేశం
నిజమే. యూనివర్సిటీ "ఇవ్వొచ్చు", ఇచ్చి తీరాలని కాదు.

జీడిపప్పు
దయచేసి ఈ చట్టం మా అత్తగారికి ఎవరూ చూపించకండి

గోదారి_గట్టు
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి, నాది పోస్ట్‌డాక్ ప్రశ్న. ఇక్కడ ఒక ఎన్‌ఐటీలో పీహెచ్‌డీ అయ్యి ఏడాదిన్నర. జర్మనీ టెక్నికల్ యూనివర్సిటీల్లో ప్రాజెక్ట్ పోస్ట్‌డాక్‌లకు నలభై మెయిళ్లు పెట్టాను, ముప్పై ఏడింటికి జవాబు లేదు, మూడింటికి "బెస్ట్ విషెస్". ఏం తప్పు చేస్తున్నాను?

సీతాఫలం
మొదటి లైన్ ఇక్కడ పెట్టండి.

గోదారి_గట్టు
"రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ మచ్ ఇంట్రెస్టెడ్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ గ్రూప్..."

సీతాఫలం
అక్కడే ఆగిపోయారు చదివేవాళ్లు. ఇంకో సంగతి, నలభైలో ఎంతమంది ఆడవాళ్లు? వాళ్లకూ సర్ అనే వెళ్లిందా?

గోదారి_గట్టు
అయ్యో.

పోస్ట్‌డాక్_పరమేశం
గోదారి_గట్టు గారు, మా గ్రూపులో దరఖాస్తులు మొదట వడపోసేది నేనే కాబట్టి చెబుతున్నా. ప్రకటనలో కెన్‌సిఫర్ అని ఒక నంబరు ఉంటుంది, అది సబ్జెక్ట్ లైన్‌లో ఉండాలి. అన్నీ ఒకే పీడీఎఫ్‌గా పంపమంటే ఒకటే పంపండి, తొమ్మిది కాదు. మొదటి పేరాలో మీరు చేయగలిగిన పని ఒకటి, మా దగ్గర లేనిది, చెప్పండి. పేరు మార్చి నలభై మందికి పంపిన మెయిల్ మూడో లైన్‌కే తెలిసిపోతుంది, ఒకసారి అందులో పక్క ఊరి ప్రొఫెసర్ పేరు అలాగే ఉండిపోయింది.

ప్రాజెక్ట్ పోస్టులకే కాకుండా హుంబోల్ట్ ఫెలోషిప్‌కు కూడా చూడండి. పీహెచ్‌డీ అయ్యాక నాలుగేళ్ల లోపు వేయొచ్చు, మీకు టైముంది. గైడ్‌ను మీరే వెతుక్కోవాలి, ప్రాజెక్టు మీరే రాయాలి. అది ఉద్యోగ కాంట్రాక్ట్ కాదు, ఫెలోషిప్. అందుకే నేను చెప్పిన గడియారం అక్కడ తిరగదు.

బెల్లం_ముక్క
నెదర్లాండ్స్ కూడా చూడొచ్చుగా? మా చెల్లెలు అక్కడ, నాలుగేళ్లు ఫుల్ టైం, ఉద్యోగి లెక్క. శాతాల గోల లేదు. మేరీ క్యూరీ డాక్టరల్ నెట్‌వర్క్ పోస్టులు కూడా ఉంటాయి, గత మూడేళ్లలో ఆ దేశంలో ఏడాది కంటే ఎక్కువ ఉండకూడదు అంతే. పటాన్‌చెరులో ఉన్నవాడికి ఏ దేశమైనా ఓకే.

ఓరుగల్లు_పిల్లగాడు
ఈసారికి వేసే టైం లేదు. ఇంకో ఏడాది ఆగితే ఇంట్లో పెళ్లి మాట వస్తుంది.

జీడిపప్పు
పెళ్లి చేసుకుంటే ట్యాక్స్ క్లాస్ మారుతుంది. లెక్కల_పిచ్చి లెక్క మళ్లీ మొదలు.

లెక్కల_పిచ్చి
నిజానికి నాకు ఇంకోటి తట్టింది. పిల్లగాడికి పటాన్‌చెరులో రెండేళ్ల అనుభవం ఉంది. అది ఈ పనికి సంబంధించినదైతే మొదటే స్టుఫె 2 అడగొచ్చు. కాంట్రాక్ట్ మీద సంతకానికి ముందే అనుభవం లెటర్ పంపాలి, అందులో డిజైన్, టెస్టింగ్, కోటింగ్ అంటూ పని వివరంగా రాయించు. మన హెచ్‌ఆర్ ఇచ్చే "హార్డ్ వర్కింగ్ అండ్ సిన్సియర్" లెటర్ పనికిరాదు.

మార్క్‌మెమో
అన్నిటికంటే ముందు ఆ గ్రూపులో చేసి బయటికి వెళ్లినవాళ్లతో మాట్లాడు. ఇప్పుడు ఉన్నవాళ్లతో కాదు, వాళ్లు భయపడి అన్నీ బాగున్నాయంటారు. యూనివర్సిటీ లైబ్రరీ సైట్‌లో థీసిస్‌లు ఉంటాయి, ఆ ప్రొఫెసర్ పేరు మీద ఎంతమంది ముగించారో చూడు. తర్వాత లింక్డ్‌ఇన్‌లో వాళ్లను పట్టుకో.

సీతాఫలం
ఈ మొత్తం చర్చలో పనికొచ్చే పోస్టు ఇదే. నావి కూడా కలిపి చెబుతున్నా.

ఓరుగల్లు_పిల్లగాడు
తొమ్మిది రోజుల తర్వాత వస్తున్నాను, చెప్పాల్సినవి ఉన్నాయి.

మార్క్‌మెమో అన్న చెప్పినట్టు వెతికితే ఆ ప్రొఫెసర్ దగ్గర ముగించిన ఇద్దరు దొరికారు. ఒకాయన జవాబివ్వలేదు. ఇంకో ఆమె ఇరాన్ నుంచి, ఇప్పుడు ఒక టర్బైన్ల కంపెనీలో ఉంది, వీడియో కాల్‌లో గంట మాట్లాడింది. ఆయన అరవడు, శనివారం మెయిల్ పెట్టడు, డ్రాఫ్ట్ చదవడానికి మాత్రం రెండు నెలలు తీసుకుంటాడు. ఆమెకు నాలుగున్నరేళ్లు పట్టింది, డబ్బు ఉన్నది మూడున్నరేళ్లకే. చివరి ఏడాది నిరుద్యోగ భృతి మీద థీసిస్ రాసింది. నేను ఆశ్చర్యపోతే "ఇక్కడ చాలామంది అంతే, జీతం నుంచి బీమా కోసింది ఇందుకే" అంది. వీసా సంగతి మాత్రం ముందే విదేశీయుల ఆఫీసులో అడిగి పెట్టుకో అంది.

తర్వాత వాళ్ల డిపార్ట్‌మెంట్‌లో డాక్టర్ టోపీ చూపించింది. డిఫెన్స్ రోజున తోటివాళ్లు అట్టతో చేసి తల మీద పెడతారట. ఆమె టోపీ మీద పగిలిన అల్యూమినా క్రూసిబుల్ ముక్క, థర్మోకపుల్ వైరు చుట్టి చేసిన చెట్టు, చిన్న పిస్తా గిన్నె, ఒక బొమ్మ పోస్టు డబ్బా. పోస్టు డబ్బా ఎందుకంటే, డ్రాఫ్ట్ కోసం రెండు నెలలు ఎదురుచూసింది కదా, అందుకు. ప్రొఫెసర్ కూడా చూసి నవ్వాడట.

ప్రొఫెసర్‌కు మెయిల్ పెట్టాను. మూడే అడిగాను: ఏడాది ఏడాదికి కాకుండా మూడేళ్లు ఒకే కాంట్రాక్ట్ ఇస్తారా, స్టుఫె 2 ఇస్తారా, 65ను 75 చేస్తారా. నాలుగు రోజులు టెన్షన్. జవాబు వచ్చింది. మూడేళ్లు ఓకే, ప్రాజెక్టు డబ్బు ఎలాగూ మూడేళ్లకు ఉంది, ఏడాది అని రాయడం వాళ్ల ఆఫీసు అలవాటంట. స్టుఫె 2 పర్సనల్ విభాగం చూస్తోంది. 65 మాత్రం 65.

పోస్ట్‌డాక్_పరమేశం
అడిగితే ఇస్తారని పదేళ్లలో నాకు తట్టలేదు చూడు.

సీతాఫలం
65ను 65గానే ఉంచారు, గమనించండి. నా మాట మీద నేను ఉన్నాను.

డీసీ_మీటింగ్_భయం
ఐఐటీ వాళ్లకు ఏం చెప్పావు?

ఓరుగల్లు_పిల్లగాడు
రాలేనని మెయిల్ పెట్టాను. పంపే బటన్ మీద వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అక్కడ నాకు గైడ్‌గా ఉండాల్సిన సార్ స్వయంగా ఫోన్ చేసి "మెషిన్లు బాగా పనిచేసే చోటికి వెళ్తున్నావ్, మంచిదే" అన్నారు. అందుకు ఇంకా బాధేసింది.

బెల్లం_ముక్క
మీ బాపు ఏమన్నారు? అందరం దానికోసమే ఆగాం.

ఓరుగల్లు_పిల్లగాడు
కాంట్రాక్ట్ ముసాయిదా ప్రింట్ తీసి చూపించాను. జర్మన్‌లో ఉంది, ఆయనకు ఒక్క ముక్క అర్థం కాదు, అయినా అన్ని పేజీలూ తిప్పాడు. తేదీలు దొరికాయి. మొదలు తేదీ, చివరి తేదీ వేలితో చూపించి "మూడేండ్లేనా" అన్నాడు. ఔనన్నాను. "హాఫా ఫుల్లా తర్వాత సంగతి, ఏ స్టేజీ దాకా కొట్టిన్రో అది చూస్కోవాలె. స్టేజీ దాటినంక చెకింగ్ వస్తే మనమే దిగాలె" అన్నాడు. మరి నిరుద్యోగ భృతి మీద రాయడం గురించి చెబితే, టికెట్ అయిపోయాక కూడా సీటుంటే కూర్చోనిచ్చే బస్సు ఆయన సర్వీసులో చూడలేదట.

శుక్రవారం సంతకం చేస్తున్నాను. స్టుఫె 2 గురించి తెలియగానే ఇక్కడే రాస్తాను.

జీడిపప్పు
వెళ్లాక మొదటి వారం ఫాకల్టీ ఆఫీసు. మర్చిపోకు. మార్క్‌మెమో పెన్ను ఇచ్చిన చరిత్ర గుర్తుపెట్టుకో.

మార్క్‌మెమో
ఆ పెన్ను వాడు తిరిగివ్వలేదు కూడా.

కొత్తగా_చేరాను_77
ఇప్పుడే టైటిల్ చూశాను, మిగతాది చదవలేదు. నాకు బీటెక్‌లో 63 శాతమే వచ్చింది. ఈ 65 శాతం ఉద్యోగానికి నేను అప్లై చేయొచ్చా?